మత్తులో ఉన్న పసిబిడ్డ నొప్పిని కనిపెట్టడం: ఏ మానిటర్‌ను ఎంతవరకు నమ్మాలి?

నాలుగు కిలోల బరువున్న, ఇంకా రెండు నెలలు నిండని ఒక మగబిడ్డకు గజ్జలో హెర్నియా ఆపరేషన్ జరుగుతోందనుకుందాం. బిడ్డ పూర్తి మత్తులో ఉన్నాడు. శ్వాసనాళంలో గొట్టం ఉంది. కండరాలను సడలించే మందు పడింది కాబట్టి కాలు కదపడు, ముఖం ముడుచుకోడు, ఏడవడు. సర్జన్ హెర్నియా సంచిని పట్టుకుని మెల్లగా లాగగానే, అప్పటిదాకా 140 దగ్గర నిలకడగా ఉన్న గుండె వేగం 168కి చేరింది. అంటే సరిగ్గా 20 శాతం పెరిగింది. ఇది గాయానికి శరీరం ఇచ్చిన జవాబా, మత్తు పలచబడిందా, రక్తం పోతోందా, గొట్టం ఒక పక్క ఊపిరితిత్తిలోకి జారిందా అన్నది తల దగ్గర నిలబడిన మత్తు వైద్యుడు ఆ కొద్ది సెకన్లలోనే తేల్చుకోవాలి.

ఈ పని సులువు చేస్తామంటూ గత ఇరవై ఏళ్లలో చాలా పరికరాలు వచ్చాయి. పసిబిడ్డలకు ఆపరేషన్లు చేసే చిన్న, మధ్యస్థాయి ఆసుపత్రుల్లో వీటిలో ఏది కొనాలి, ఉన్నవాటిలో దేన్ని ఎప్పుడు చూడాలి అని అడిగే తోటి మత్తు వైద్యుల కోసం, పీజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడాదిలోపు బిడ్డ విషయంలో, ఆ రోజు ఆ బిడ్డకు ఏ మందులు ఇవ్వబోతున్నాం, ఎక్కడ కోయబోతున్నాం అన్న రెండు సంగతులు తేలాకే ఏ మానిటర్‌ను నమ్మాలో నిర్ణయించుకోవాలి. పెద్దవాళ్ల శరీరాల మీద కుదిర్చిన అంకెల హద్దులను పసివాళ్లకు అలాగే తగిలిస్తే మేలు కంటే కీడు ఎక్కువ జరుగుతుంది.

కొలిచేది నొప్పినా?

నొప్పి అనేది స్పృహలో ఉన్నప్పుడు తెలిసే అనుభవం. మత్తు ఆ స్పృహను తీసేస్తుంది. అయినా కత్తిగాటు పుట్టించిన సంకేతం నరాల వెంట వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడు కాండానికి చేరి, గుండెను, రక్తనాళాలను, చెమట గ్రంథులను, కంటిపాపను, హార్మోన్లను కదిలిస్తూనే ఉంటుంది. దీన్ని వైద్యులు నోసిసెప్షన్ అంటారు. ఇక్కడ దాన్ని గాయ సంకేతం అని పిలుస్తాను. అమ్మేవాళ్లు నొప్పి మానిటర్ అని ఏ పేరు పెట్టి చూపించినా, ఆపరేషన్ గదిలో ఆ పరికరం చూసేది గాయ సంకేతానికి శరీరం ఇచ్చే జవాబులలో ఏదో ఒకదాన్ని మాత్రమే. ఏ జవాబును చూస్తోందో తెలిస్తే, దాన్ని ఏ మందు చెడగొడుతుందో కూడా తెలిసిపోతుంది. పోలికకు అసలైన తాళంచెవి ఇదే కాబట్టి ముందుగా చెబుతున్నాను.

ఈ జవాబులను పట్టించుకోని రోజులు మరీ పాతవేమీ కావు. 1980ల దాకా చాలా చోట్ల నెలలు నిండని బిడ్డలకు నైట్రస్ ఆక్సైడ్ అనే బలహీనమైన మత్తు వాయువు, కండరాలు సడలించే మందు మాత్రమే ఇచ్చి గుండె దగ్గరి రక్తనాళాన్ని ముడివేసే ఆపరేషన్ కూడా చేసేవారు. పసివాళ్లకు నొప్పి అంతగా తెలియదని, బలమైన నొప్పి మందులను వాళ్లు తట్టుకోలేరని అప్పటి నమ్మకం. ఇండోర్‌లో వైద్యవిద్య చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. నెలలు నిండని 16 మంది బిడ్డలలో సగం మందికి పాత పద్ధతిలోనే మత్తు ఇచ్చి, మిగతా సగానికి దానికి తోడు కిలోకు 10 మైక్రోగ్రాముల ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చారు. ఫెంటానిల్ అందని బిడ్డలలో ఒత్తిడి హార్మోన్లు బాగా ఎక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు కూడా వాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. పదేళ్ల తర్వాత, 1997లో, కెనడా పరిశోధకులు మరో సంగతి చూపించారు. మొద్దుబారే మందు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా సూది పడినప్పుడు మిగతా పిల్లల కంటే ఎక్కువగా విలవిలలాడారు. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లోనే జరిగిన ఎంఆర్ఐ పరిశీలనలో, నొప్పి కలిగినప్పుడు పెద్దల మెదడులో స్పందించే 20 ప్రాంతాలలో 18 అప్పుడే పుట్టిన బిడ్డల్లోనూ స్పందించాయి.

ఆపరేషన్‌కు ముందు సంతకం పెడుతూ తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "సార్, కోసేటప్పుడు బిడ్డకి తెలుస్తుందా?" "తెలియదమ్మా, నిద్రలోనే ఉంటాడు" అని చెబుతాం. అది నిజమే. అయితే ఆ బిడ్డ శరీరానికి తెలుస్తోందా లేదా అన్నది గమనిస్తూ ఉండే బాధ్యత ఆ మాటతోనే మన మీద పడుతుంది.

గుండె వేగం, రక్తపోటు

ప్రతి ఆపరేషన్ గదిలోనూ ఇప్పటికే ఉన్న సాధనం ఇదే. అదనపు ఖర్చు లేదు, అన్ని వయసులకూ పనికొస్తుంది. మత్తు కుదురుకున్నాక, కత్తి పెట్టకముందు ఉన్న విలువ కంటే గుండె వేగమో రక్తపోటో 20 శాతం పెరిగితే గాయ సంకేతంగా అనుమానించాలని వాడుకలో ఉన్న నియమం. మొరటు నియమమే, కాని సరిగ్గా పాటిస్తే మంచి నియమం. సరిగ్గా పాటించడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే.

మొదటిది, పోల్చడానికి తీసుకునే విలువ. వార్డులో ఏడుస్తున్న బిడ్డ గుండె వేగం 170 ఉండవచ్చు. దాన్ని ఆధారంగా తీసుకుంటే, మత్తులో 165కి చేరినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే గొట్టం వేసి, ఆ కదలిక సద్దుమణిగిన తర్వాత, బిడ్డ మీద ఆపరేషన్ గుడ్డలు (డ్రేపులు) కప్పేముందు రెండు మూడు నిమిషాలపాటు నిలకడగా ఉన్న అంకెను మత్తు చార్టులో విడిగా రాసి చుట్టూ గీత గీయాలి. రెండవది, పెరుగుదల ఎప్పుడు జరిగిందన్నది. గాటు పడిన, లేదా సంచి లాగిన అరనిమిషం లోపల పెరిగి, సర్జన్ చెయ్యి ఆపగానే దిగిపోతే అది చాలావరకు గాయ సంకేతమే. చేతి కదలికతో సంబంధం లేకుండా పది నిమిషాలుగా మెల్లమెల్లగా ఎక్కుతూ ఉంటే వేరే కారణం వెతకాలి.

ఆ వేరే కారణం వెతకకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో నాలుగు కిలోల బిడ్డకు పొట్ట తెరిచిన ఆపరేషన్‌లో గుండె వేగం క్రమంగా పెరిగింది. నొప్పేనని రెండుసార్లు ఫెంటానిల్ ఇచ్చాం. వేగం దిగలేదు. ఇంతలో రక్తపోటు జారింది. డ్రేపు అంచు ఎత్తి చూస్తే బిడ్డ నడుము పక్కన బాగా తడిసిన గాజుగుడ్డలు మూడున్నాయి, కింద పరిచిన గుడ్డ కూడా తడిగా ఉంది. ఆ వయసులో రక్తం కిలోకు దాదాపు 80 మిల్లీలీటర్లు, అంటే ఆ బిడ్డ శరీరం మొత్తంలో ఉన్నది 320 మిల్లీలీటర్లు. నిండా తడిసిన చిన్న గాజుగుడ్డ ఒక్కొక్కటి దాదాపు 10 మిల్లీలీటర్లు పీలుస్తుంది. మూడు గుడ్డలంటే పదోవంతు రక్తం. బిడ్డ కోలుకున్నాడు. ఆ రోజు నుంచి గుండె వేగం పెరిగినప్పుడు సిరంజి మీద చెయ్యి వేసేముందు డ్రేపు కిందికి చూడటం నాకు అలవాటైంది, నా దగ్గర నేర్చుకునే వాళ్లకూ అదే అలవాటు చేస్తున్నాను.

రక్తం పోవడం ఒక్కటే కాదు. బొగ్గుపులుసు వాయువు పేరుకున్నా, ఒంటి వేడి పెరిగినా, ఎక్కువసేపు పాలు లేక గ్లూకోజ్ పడిపోయినా, గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇచ్చినా, నెలలు నిండని బిడ్డకు శ్వాస కోసం కెఫీన్ నడుస్తున్నా గుండె వేగం పెరుగుతుంది. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే కాప్నోగ్రాఫ్, ఉష్ణోగ్రత, గ్లూకోమీటర్ ఈ మూడూ పక్కన ఉంటే వీటిలో చాలావాటిని నిమిషంలో తోసిపుచ్చవచ్చు. దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా పసివాళ్లలో ఉంటుంది. కంటి కండరాన్ని లాగినా, పొట్టలోపలి పొరను లాగినా గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం ప్రేరేపితమై గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. అంటే గట్టి ప్రేరణే జరుగుతున్నా అంకె కిందికే పోతుంది. 20 శాతం పెరుగుదల కోసం మాత్రమే ఎదురుచూసే కన్ను దీన్ని పట్టుకోలేదు.

కాబట్టి ఈ సాధనం బలం, దాని చుట్టూ ఉన్న మిగతా సమాచారంతో కలిపి చదివే వ్యక్తిలో ఉంది. ఒక్క బిడ్డనే చూసుకుంటూ, పక్క గదిలోకి వెళ్లకుండా ఉండే మత్తు వైద్యుడు ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. ఒకే వ్యక్తి రెండు టేబుళ్లు చూసుకునే చోట ఏ పరికరం కొన్నా ఆ లోటు తీరదు.

గుండె లయలోని హెచ్చుతగ్గులు: ఏఎన్ఐ, నైప్

ఏడాదిలోపు బిడ్డల కోసం ప్రత్యేకంగా తయారైన వాటిలో గట్టిగా పరిశీలించదగింది ఈ కుటుంబమే. ఊపిరి తీసినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ చిన్న ఊగిసలాట వేగస్ నరం చేసే పని. గాయ సంకేతం పెరిగితే వేగస్ పట్టు సడలి ఊగిసలాట తగ్గుతుంది. ఈసీజీలో ఒక్కో కొట్టుకు మధ్య ఉన్న వ్యవధిని కొలిచి, ఈ ఊగిసలాటను 0 నుంచి 100 వరకు ఉండే అంకెగా మార్చి చూపేది ఏఎన్ఐ. ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి చెందిన ఎండోలోరిస్ సంస్థ దీన్ని తయారుచేసింది. అంకె ఎక్కువగా ఉంటే శరీరం ప్రశాంతంగా ఉన్నట్టు. పెద్దలలో మత్తులో ఉన్నప్పుడు 50 నుంచి 70 మధ్య ఉంచాలని సూచిస్తారు.

అయితే పెద్దల కోసం తయారైన ఏఎన్ఐ చూసే ఊగిసలాటల వేగం సెకనుకు దాదాపు 0.15 నుంచి 0.5 సార్లు. పసిబిడ్డను వెంటిలేటర్ మీద నిమిషానికి 30 నుంచి 40 శ్వాసలతో నడిపిస్తాం. అంటే సెకనుకు 0.5 నుంచి 0.67. శ్వాసతో వచ్చే అసలు ఊగిసలాట ఆ కిటికీ అంచునో బయటో ఉండిపోతుంది. అందుకే అదే సంస్థ రెండేళ్లలోపు పిల్లల కోసం నైప్ పేరుతో వేరే కొలతను తయారుచేసింది. ఇది రెండు అంకెలు చూపుతుంది. ఒకటి ఇప్పటికిప్పుడు ఏమవుతోందో చెప్పేది, మరొకటి కొంత ఎక్కువసేపటి సగటు. రెండు సంవత్సరాలలోపు బిడ్డకు ఏఎన్ఐ పెట్టి చూస్తున్న చోటు కనిపిస్తే, అక్కడ ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పడానికి నేను వెనుకాడను.

నైప్ బాగా పనిచేసే సందర్భం ఇది: ఫెంటానిల్ ఆధారంగా సాగే, గంటకు మించిన ఆపరేషన్, గుండె లయ సక్రమంగా ఉండటం, వెంటిలేటర్ శ్వాస క్రమంగా ఉండటం, అట్రోపిన్ గాని అదే కోవకు చెందిన గ్లైకోపైరోలేట్ గాని పడకపోవడం. సెవోఫ్లురేన్ అనే పీల్చే మందుతో మత్తులో ఉన్న చిన్నపిల్లలలో జరిగిన చిన్న పరిశీలనల్లో, గాటు తర్వాత ఈ అంకె తగ్గడం కనిపించింది. గాయం తగిలినప్పుడు అంకె పడటం ఒక సంగతి, ఆ అంకెను బట్టి మందు మోతాదు మారిస్తే బిడ్డకు మేలు జరుగుతుందని తేలడం మరో సంగతి. రెండవదానికి పసివాళ్లలో ఆధారం ఇంకా పలుచనిదే. అందుచేత అంకె ఒక్కసారి పడితే మందు ఇవ్వను. అంకె పడి అలాగే నిలిచి, గుండె వేగం కూడా కదిలి, సర్జన్ చేతి పనితో సమయం సరిపోలితే ఇస్తాను.

ఇక అట్రోపిన్ సంగతి. మన దగ్గర చాలామంది, బిడ్డ గుండె వేగం పడిపోకుండా మత్తు మొదట్లోనే అట్రోపిన్ ఇచ్చే అలవాటులో ఉన్నారు. అది వేగస్ ప్రభావాన్నే కట్టేస్తుంది కాబట్టి, ఆ తర్వాత ఈ పరికరం చూపే అంకెకు అర్థం ఉండదు. అట్రోపిన్ అలవాటు మానని బృందం లక్షల రూపాయలు పెట్టి నైప్ కొనడం దండగ. కొనేముందు బృందమంతా కూర్చుని తమ మందుల పద్ధతి రాసుకుని చూసుకోవాలి.

నాడి తరంగం ఆధారంగా: సర్జికల్ ప్లెత్ ఇండెక్స్

వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ తరంగం నుంచే వచ్చే అంకె కావడంతో ఇది చాలా ఆకర్షిస్తుంది. జీఈ కంపెనీ మానిటర్లలో ఉంటుంది. ఇందులో నాడి తరంగం ఎత్తుకు 70 శాతం, గుండె కొట్టుకునే వ్యవధికి 30 శాతం బరువు ఇచ్చి 0 నుంచి 100 వరకు లెక్కకడతారు. ఇక్కడ ఎక్కువ అంకె అంటే ఎక్కువ ఒత్తిడి. ఏఎన్ఐకి ఇది తలకిందులు కాబట్టి, రెండూ ఉన్న చోట కొత్తవాళ్లు తికమకపడతారు.

ఏడాదిలోపు బిడ్డకు దీన్ని నేను సిఫారసు చేయను. పసిబిడ్డ రక్తనాళాలు మెత్తగా సాగుతాయి, సహజ గుండె వేగమే పెద్దవాళ్లకు రెండింతలు ఉంటుంది. కాబట్టి పెద్దలకు కట్టిన లెక్క మొదట్లోనే పక్కకు జరుగుతుంది. దానికి తోడు ఏసీ చల్లదనానికి పాదం చల్లబడితే తరంగం కుదించుకుపోతుంది. వెచ్చని గాలి దుప్పటి కప్పితే విచ్చుకుంటుంది. గాయంతో ప్రమేయం లేకుండానే అంకె ఎక్కి దిగుతుంది. ఇంతకంటే గట్టి హెచ్చరిక 2015లో వచ్చింది. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ ఆపరేషన్ జరిగిన పిల్లలలో, ఈ అంకెను చూసి ఫెంటానిల్ ఇచ్చిన గుంపును, మామూలుగా గుండె వేగం, రక్తపోటు చూసి ఇచ్చిన గుంపుతో కొరియాలో పోల్చారు. అంకెను నమ్మిన గుంపులో మందు తక్కువ పడింది, కాని లేచాక ఆ పిల్లలే ఎక్కువ అలజడిపడ్డారు, వాళ్లకే నొప్పి ఎక్కువగా ఉంది. వాళ్లు పసిబిడ్డలు కూడా కారు, మూడేళ్లు దాటినవాళ్లు. అక్కడే అంకె మోసం చేస్తే, మూడు నెలల బిడ్డలో దాన్ని ఎలా నమ్మాలి?

అరికాలి చెమట, కంటిపాప

నార్వేలో హన్నే స్టార్మ్ అభివృద్ధి చేసిన చర్మ విద్యుద్వాహకత పద్ధతి, అరికాలు చర్మంలో సెకనుకు ఎన్నిసార్లు చిన్న చెమట స్పందనలు వస్తున్నాయో లెక్కిస్తుంది. గుండె మందులు, రక్తం పోవడం దీన్ని పెద్దగా కదిలించవు. మొదటి సాధనం ఎక్కడ తడబడుతుందో సరిగ్గా అక్కడ నిలబడే గుణం ఇందులో ఉంది, అందుకే ఇది నాకు ఇష్టమైన ఆలోచన. కాని ఆ చెమట గ్రంథులను నడిపేది కూడా ఎసిటైల్‌కోలిన్ కాబట్టి అట్రోపిన్ దీన్నీ అణచివేస్తుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డలలో అరిచేతి, అరికాలి చెమట వ్యవస్థ ఇంకా పరిపక్వం కాదు. విద్యుత్తుతో రక్తనాళాలను కాల్చి మూసే డయాథర్మీ వాడుతున్నంతసేపూ సంకేతం చెదురుతుంది. మత్తులో కంటే నవజాత శిశు విభాగంలో, మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని నా అంచనా.

కంటిపాప సంగతి వేరు. గాయ సంకేతం తగలగానే కంటిపాప విచ్చుకుంటుంది, ఫెంటానిల్ వంటివి ఇస్తే ముడుచుకుంటుంది. సెవోఫ్లురేన్ మత్తులో ఉన్న పిల్లలపై ఇసబెల్ కాన్‌స్టాంట్ బృందం 2006లో ప్రచురించిన ఫ్రెంచ్ అధ్యయనంలో, గాటుకు గుండె వేగం, రక్తపోటు కంటే కంటిపాపే స్పష్టంగా స్పందించింది. చూసినవారెవరికైనా నమ్మకం కలిగించే పద్ధతి ఇది. అయితే ఇది నిరంతరం నడిచే మానిటర్ కాదు. కనురెప్ప ఎత్తి, పరికరం పెట్టి, కొలిచి, మళ్లీ రెప్ప మూసి టేపు వేయాలి. గ్రహణమొర్రి, కన్ను, తల ఆపరేషన్లలో కంటి దగ్గరికి చేరడమే కుదరదు. నెలలు నిండని బిడ్డలలో కంటిపాప ప్రతిచర్య ఇంకా కుదురుకోదు. రెటీనా పరీక్ష కోసం ఆ ఉదయమే కంటిచుక్కలు వేసి ఉంటే కొలత పూర్తిగా వ్యర్థం. నెలలు నిండి పుట్టి, మూడు నాలుగు నెలలు దాటిన బిడ్డకు, కాళ్ల వైపు, పొట్ట వైపు జరిగే ఆపరేషన్‌లో, నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్ (బ్లాక్) పనిచేసిందా లేదా అన్న సందేహం తీర్చుకోవడానికి ఒకటి రెండుసార్లు చూడటానికి మాత్రం ఇది మంచి సాధనం.

మెదడు తరంగాల సంగతి క్లుప్తంగా

బిస్ వంటి మానిటర్లు మత్తు లోతు చూపడానికి తయారైనవి, గాయ సంకేతం చూపడానికి కాదు. పెద్దవాళ్ల మెదడు తరంగాల రికార్డు (ఈఈజీ) ఆధారంగా కట్టిన ఆ అంకె ఏడాదిలోపు బిడ్డలలో నిలకడగా ఉండదు. సెవోఫ్లురేన్ మత్తులో పెద్దవాళ్ల నుదుటి దగ్గర కనిపించే ఆల్ఫా తరంగాలు దాదాపు నాలుగో నెల దాకా బిడ్డలలో మొదలే కావని 2015లో బోస్టన్ పరిశోధకులు చూపారు. లేని తరంగం మీద కట్టిన లెక్కను ఏ బిడ్డకూ వాడకూడదు. ఇజ్రాయెల్‌కు చెందిన మెడాసెన్స్ తయారుచేసిన నాల్ అనే గాయ సంకేత మానిటర్ కూడా పెద్దల సమాచారం మీద కట్టినదే, వేలికి తగిలించే దాని క్లిప్ కూడా పెద్దల వేలికే. పసిబిడ్డ పోలికలో దానికి చోటు లేదు.

ఇక ఎంపిక

బొడ్డు కింద జరిగే ఆపరేషన్లు, అంటే హెర్నియా, దిగని వృషణం, మూత్రమార్గం సరిచేయడం, మలద్వారం ఆపరేషన్ల వంటివి, పసిబిడ్డలలో జరిగేవాటిలో పెద్ద వాటా. వీటికి నా సలహా సూటిగా ఉంది: పరికరం మీద పెట్టే డబ్బు, శ్రద్ధ కాడల్ బ్లాక్ మీద పెట్టండి. నడుము కింద తోక ఎముక దగ్గర ఇచ్చే ఒక్క ఇంజెక్షన్ గాయ సంకేతాన్ని వెన్నుపాము చేరకముందే ఆపుతుంది, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని గంటలు కాపాడుతుంది. పెద్దవాళ్లలో లాగా పసివాళ్లలో దీనివల్ల రక్తపోటు పడిపోదు. కాబట్టి ఇక్కడ గుండె వేగమే ఎంతో స్పష్టమైన సాక్షి అవుతుంది. బ్లాక్ ఇచ్చి పది పదిహేను నిమిషాలు ఆగాలి. డ్రేపులు కప్పేముందు మలద్వార కండరం వదులుగా ఉందో లేదో చూడాలి, వదులుగా ఉంటే బ్లాక్ పట్టిందని గట్టిగా నమ్మవచ్చు. గాటు పడినప్పుడు గుండె వేగం 10 శాతం కూడా కదలకపోతే, ఏ ఖరీదైన అంకె చెప్పేదానికంటే అదే నమ్మదగ్గ మాట. మొదట్లో చెప్పిన హెర్నియా బిడ్డకు ఈ బ్లాక్ ఇచ్చాక కూడా గుండె వేగం 168కి వెళ్లిందంటే, డ్రేపు కింద, కాప్నోగ్రాఫ్‌లో, గొట్టం లోతులో ఏమీ తేడా లేదని చూసుకున్నాక, బ్లాక్ సరిగ్గా పట్టలేదనే భావించి ఫెంటానిల్ ఇస్తాను.

పొట్టనో ఛాతీనో తెరిచే పెద్ద నవజాత శిశు ఆపరేషన్లు, పేగు మూసుకుపోవడం, అన్నవాహిక సరిగ్గా ఏర్పడకపోవడం వంటివాటిలో, ఆపరేషన్ తర్వాత బిడ్డ వెంటిలేటర్ మీదే ఉండబోతున్నాడంటే ఫెంటానిల్ ధారాళంగా ఇచ్చే వీలుంది. ఇక్కడ మందు తక్కువ పడటమే ఎక్కువ ప్రమాదం కాబట్టి, అనుమానం వస్తే ఇవ్వడమే మేలు. రక్తపోటును ధమనిలోంచి నేరుగా చూడటం, గ్లూకోజ్, లాక్టేట్ గంట గంటకూ చూడటం ఇక్కడ అన్నింటికంటే ఉపయోగం. బృందం అట్రోపిన్ వాడని పద్ధతిలో ఉంటే, నైప్‌కు నిజమైన చోటు ఇదే. నెలకు ఇలాంటివి పది పన్నెండు చేసే పెద్ద పిల్లల ఆసుపత్రికి, హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లోని కేంద్రాలకు ఇది కొనదగినదే. నెలకు ఒకటి రెండు చేసే చోట, ఆ అంకెను చదివే అనుభవం ఎవరికీ కుదరదు.

దీనికి ఎదురు పరిస్థితి, ఆపరేషన్ అయిన వెంటనే గొట్టం తీయాల్సిన, నెలలు నిండక పుట్టిన చిన్న బిడ్డ. ఫెంటానిల్ కాస్త ఎక్కువైతే ఆ రాత్రి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, తక్కువైతే శరీరం అల్లాడుతుంది. మోతాదును తూకం వేయాల్సిన అసలైన సందర్భం ఇదే అయినా, అన్ని పరికరాలూ బలహీనపడేది కూడా ఇక్కడే. కుదిరినప్పుడల్లా బ్లాక్ మీదే ఆధారపడి, పారాసిటమాల్ తోడుచేసి, ఫెంటానిల్ వంటి ఓపియాయిడ్ మందుల అవసరమే తగ్గించడం మంచిది. హెర్నియా లాంటి చిన్న ఆపరేషన్ అయితే, పూర్తి మత్తు లేకుండా వెన్ను ఇంజెక్షన్‌తో చేయడం కూడా అనుభవం ఉన్న చేతుల్లో చక్కని దారి.

గుండె ఆపరేషన్లలో లయ, వేగం రెండూ జబ్బుతోను, మందులతోను మారిపోతాయి. అక్కడ లయ మీద కట్టిన అంకెలను పక్కన పెట్టి, అధిక మోతాదు ఓపియాయిడ్ పద్ధతినే నమ్ముకోవాలి. గ్రహణమొర్రి ఆపరేషన్‌లో కన్ను అందదు, సర్జన్ అడ్రినలిన్ కలిపిన మందు ఇంజెక్ట్ చేస్తాడు, దానితోనే గుండె వేగం పెరుగుతుంది. అక్కడ సర్జనే ఇచ్చే నరాల బ్లాక్ మీద, ఆ ఇంజెక్షన్ వేసిన సమయం చార్టులో నమోదు చేయడం మీద దృష్టి ఉండాలి.

కొనుగోలు విషయంలో యంత్రం ధర కంటే, ఒక్కో బిడ్డకు ఒకసారి వాడి పారేసే ఎలక్ట్రోడ్ల ధర ముందు అడగండి. అవి నెలలకు సరిపడా దొరుకుతాయా, పసిబిడ్డ సైజులో దొరుకుతాయా అని అడగండి. యంత్రం ఇచ్చినవాళ్ల దగ్గర ఏడాదిలోపు బిడ్డలకు అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఎలక్ట్రోడ్లు అయిపోయి కొత్త యంత్రం మూలన పడటం, దాని డబ్బుతో రెండో కాప్నోగ్రాఫ్ వచ్చేదని అప్పుడు గుర్తుకు రావడం, నేను ఒకటి కంటే ఎక్కువ చోట్ల చూశాను.

మేలుకున్న తర్వాత

బిడ్డ మేలుకున్నాక ఈ అంకెలన్నిటినీ వదిలి బిడ్డ ముఖం చూడాలి. రెండు నెలలు దాటిన బిడ్డకు ఫ్లాక్ పట్టిక సరిపోతుంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పుకు లొంగడం అనే ఐదింటికి 0 నుంచి 2 వరకు మార్కులు వేసి, పదికి ఎంతో చూస్తారు. అంతకంటే చిన్నవాళ్లకు క్రైస్ పట్టిక, నెలలు నిండని వాళ్లకు పిప్ పట్టిక ఉన్నాయి. ఆకలితో ఏడ్చే బిడ్డకూ మార్కులు పడతాయి కాబట్టి, సర్జన్ అనుమతించిన చోట తల్లిని లోపలికి పిలిచి రొమ్ము పట్టించాక మళ్లీ ఒకసారి లెక్క చూడాలి. పాలు తాగి కళ్లు మూసిన బిడ్డ మార్కు ఆరు నుంచి ఒకటికి దిగితే, అది నొప్పి కాదు ఆకలి. దిగకపోతే మత్తు చార్టులో గాటు సమయంలో రాసిన గుండె వేగం దగ్గరికి తిరిగి వెళ్లాలి. అక్కడ బ్లాక్ పట్టనట్టు కనిపిస్తే నొప్పి మందు వెంటనే ఇవ్వాలి. రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు ఆ సంగతి కాగితం మీద రాసి, నోటితో కూడా చెప్పి వెళ్లాలి.